సగం చెయ్యి

పోయిన వారం మీరు నన్ను సముద్రం కింద, రెండొందల పన్నెండో జాయింటు ముందు మోకాళ్ళ మీద కూర్చోబెట్టి వెళ్ళిపోయారు. మీ పనులు మీరు చక్కగా చూసుకుని ఉంటారు. నేను మాత్రం వారమంతా అక్కడే కూర్చున్నాను. ఇవాళే వచ్చి కలిసినవాళ్ళకి నాలుగు ముక్కలు చెప్పి లేస్తాను.

మా సొరంగం సముద్రం అడుగున ఐదు కిలోమీటర్లు. అందులో ఒకటే పైపు. నీళ్ళలా మారేదాకా చల్లబరిచిన గ్యాసు ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకి అందులోంచి పోవాలి. అంత చలికి మామూలు స్టీలు పైపు ముడుచుకుపోతుంది. ముడుచుకున్నా తట్టుకోవాలంటే మధ్యమధ్య పెద్ద పెద్ద వంపులు పెట్టాలి. సొరంగంలో వంపులకి చోటెక్కడిది? అందుకని చలికి దాదాపు కదలని ఒక మిశ్రలోహం తెప్పించి, పైపుని తిన్నగా వేశారు. మావాళ్ళు దాన్ని ‘మొండిది’ అంటారు. వేడికి సాగదు, చలికి ముడుచుకోదు, ఎవరి మాటా వినదు. దానికి పడనిది ఒక్కటే, మనిషి చెమట. ఉత్త చేత్తో ముట్టుకుంటే కొన్ని వారాలకి ఆ వేలిగుర్తులు తుప్పుగా పైకి తేలతాయి. అందుకే సొరంగంలోకి వెళ్ళే ప్రతి మనిషికీ తెల్లటి నూలు గ్లౌజులు ఇస్తారు.

ఆ పైపుకి వెల్డింగ్ చేసినవాళ్ళలో మా అన్నయ్య ఒకడు. పదకొండు నెలల కిందట ఒక ఆదివారం, నూట నలభయ్యో జాయింటు దగ్గర, సొరంగం కాస్త పల్లంగా ఉండే చోట, ఊపిరాడక చనిపోయాడు. వెల్డింగ్‌కి వాడే ఆర్గాన్ గ్యాసు గాలికన్నా బరువు. పల్లంలోకి దిగి కూర్చుంటుంది. రంగూ ఉండదు, వాసనా ఉండదు. గాలి తగ్గితే కూసే మీటరు ఒకటి ప్రతి మనిషి కాలరుకీ ఉండాలి. అన్నయ్య కాలరుకి లేదు. ‘మీటరు లేకుండా వెళ్ళాడు, ఇది సొంత నిర్లక్ష్యం’ అని రిపోర్టులో రాశారు. ఆ రెండు మాటలు మా ఇంట్లో అప్పట్నుంచీ మాతో పాటు తింటున్నాయి, మాతో పాటు పడుకుంటున్నాయి.

నేను జాయింట్ల ఎక్స్‌రే ఫిల్ములు చదివేదాన్ని. నేను చెబుతున్న రోజు సాయంత్రం నాలుగింటికి పైపులోకి మొదటిసారి చలి వదలాలి. దానికి ముందు సొరంగం తలుపులు మూసి, లోపలి గాలి తోసేసి నైట్రోజన్ నింపుతారు. ఎక్కడైనా గ్యాసు కారినా అంటుకోకూడదని. ఆ తర్వాత లోపలికి మనిషన్నవాడు పోయేది ఉండదు. వారం రోజులుగా జాయింటు జాయింటుకీ తొడుగు తెరిచి ఆఖరిసారి చూసుకుంటూ వస్తున్నాను. ఆ పొద్దున మిగిలిన పదింటి కోసం ఒక్కదాన్నే వెళ్ళాను. రెండొందల పన్నెండు తొడుగు తెరిస్తే, పైపు మీద తుప్పురంగులో ఎడమచెయ్యి. చూపుడువేలు సగమే ఉంది. చిన్నప్పుడు తలుపు సందులో పడి మా అన్నయ్య చూపుడువేలు సరిగ్గా అక్కడికి పోయింది.

అక్కడ ఆపాను పోయిన వారం. ఇంకో సంగతి మీకు చెప్పకుండా దాచుకున్నాను. సగమైంది వేలొక్కటే కాదు, చెయ్యే సగం. బొటనవేలు, పొట్టి చూపుడువేలు, మధ్యవేలు ఉన్నాయి, అంతే. వెల్డింగ్ గీత దాటాక ఉంగరంవేలూ చిటికెనవేలూ ఉండాల్సిన చోట నిగనిగలాడే శుభ్రమైన లోహం. కత్తితో కోసినట్టు చెయ్యి ఆ గీత దగ్గర ఆగిపోయింది.

నేను ధైర్యవంతురాలినేమీ కాను. పైకప్పు మీద సముద్రం, చుట్టూ ఎవరూ లేరు, ఎదురుగా పోయినవాడి చెయ్యి. మిగతా సగం లోపలి నుంచి పైపుని పట్టుకుని ఉందనిపించింది. “అన్నయ్యా” అని పిలిచాను కూడా. నా గొంతే కిలోమీటరు పోయి తిరిగొచ్చింది. అది విన్నాక గానీ బుర్ర పనిచెయ్యలేదు.

మొదట తట్టింది గ్లౌజుల సంగతి. అన్నయ్యకి గ్లౌజుల పిచ్చి. ఇంట్లో పాలగిన్నె దించడానికి కూడా గ్లౌజు వెతుక్కునేవాడని వదిన ఏడిపించేది. “ఈ లోహం ఏదీ మర్చిపోదే, జాగ్రత్త” అని నాకు వందసార్లు చెప్పాడు. అలాంటి మనిషి ఉత్త చెయ్యి పొరపాటున పెట్టడు. కావాలనే పెట్టాడు. సరిగ్గా ఆ గీత మీద, అటు సగం, ఇటు సగం.

నా టార్చి అడుగున అయస్కాంతం ఉంటుంది, రెండు చేతులూ ఖాళీగా ఉండేందుకు పైపుకి అతికించుకుంటాం. చెయ్యి ఉన్న వైపు ఆనించాను. టక్కున పట్టుకుంది. గీతకి అవతల ఆనించాను. జారి నా ఒళ్ళో పడింది. మూడుసార్లు చేశాను. మూడుసార్లూ పడింది.

అవతలిది మొండిది కాదు. మన వంటింట్లో గిన్నెల జాతి స్టీలు. చెమటకి తుప్పు పట్టదు, అయస్కాంతానికి అంటదు, చూడ్డానికి మాత్రం రెండూ అక్కచెల్లెళ్ళలా ఉంటాయి. ఆ ముక్క పొడవు పన్నెండు మీటర్లు. అంత చలికి మూడు సెంటీమీటర్ల పైనే లోపలికి గుంజుకుంటుంది. దానికి అటూ ఇటూ పైపుని కాంక్రీటులో బిగించేశారు, ఎటూ జరగడానికి లేదు. జాయింటు చిరగక తప్పదు. సముద్రం కింద, గ్యాసు నిండిన పైపుకి.

ఒంటిగంటకి బయటికొచ్చాను. లోపలికి వెళ్ళేవాళ్ళు గేటు దగ్గర బోర్డు మీద మేకుకి తమ నంబరున్న ఇత్తడి బిళ్ళ తగిలించాలి, బయటికొచ్చాక తీసుకోవాలి. అది మాకు చెప్పులు విప్పడమంత అలవాటు. ఆ రోజు ఆఖరి రోజు కాబట్టి గేటాయన బిళ్ళలూ మీటర్లూ అందరి దగ్గరా వెనక్కి తీసుకుని, జాబితాలో టిక్కు పెట్టి, పెట్టెలో వేసి తాళం వేస్తున్నాడు. నావీ ఇచ్చేశాను. వెంటనే వదినకి ఫోన్ చేశాను. వదినది పైపుకి తొడుగులు వేసే జట్టు. వాళ్ళ పని ముందురోజే అయిపోయింది.

“వదినా, ఎక్కడున్నావు?”

“షెడ్డులో. సామాను సర్దుతున్నా. ఏంటి, గొంతు అలా ఉంది?”

“లోపల అన్నయ్య చెయ్యి ఉంది.”

వదిన “ఏమంటున్నావే” అనలేదు, “పిచ్చా నీకు” అనలేదు. తాళాలగుత్తి కదిలిన చప్పుడు వినిపించింది. అన్నయ్య ఇత్తడి బిళ్ళ ఆ గుత్తికే ఉంటుంది. ఆయన పోయాక ఆఫీసువాళ్ళని అడిగి తెచ్చుకుంది. నలభై ఏడు. ఏదైనా ఆలోచిస్తే దాన్ని వేళ్ళతో తిప్పుతుంది.

“ఏ జాయింటు?” అంది.

“రెండొందల పన్నెండు. తుప్పు తేలింది. వదినా, అది కావాలని పెట్టిన చెయ్యి.”

“తొడుగు మూసేశావా?”

“లేదు.”

“మంచిది” అని పెట్టేసింది.

ఆ మాటని నేను పట్టించుకోవాల్సింది. పట్టించుకోలేదు. నా తల నిండా ఫిల్ములే ఉన్నాయి.

జాయింటు వేశాక దానికి ఎక్స్‌రే తీసి, ఆ ఫిల్ము నేను చూసి సంతకం పెట్టాలి. రెండొందల పన్నెండు కాగితం తీస్తే కింద నా సంతకమే ఉంది. చివర్లో తోక కూడా, నిదానంగా ఉన్నప్పుడు పెట్టేది. ఆ ఫిల్ముని లైటు పెట్టె మీద పెట్టి, పక్కన రెండొందల పదకొండుది పెట్టాను. పదకొండులో అతుకు మధ్యన మూడు చిన్న బుడగలు, ఒకదాని పక్కన ఒకటి, ఆవగింజ కన్నా చిన్నవి. వదిలెయ్యదగ్గవే. పన్నెండులో కూడా అవే మూడు, అదే చోట, అదే వరసలో. నంబరు వేరు, జాయింటు ఒకటే. ఒక్క జాయింటుకి రెండు ఫోటోలు తీసి, రెండోదాని మీద పన్నెండు అని నంబరు పెట్టారు. ఎక్స్‌రే జట్టుకి ఏ జాయింటు ఏదో చూపించేది మేస్త్రీ ఒక్కడే.

చనిపోవడానికి ముందురోజు, శనివారం, అన్నయ్య ఈ గదిలోకే వచ్చాడు.

“ఆ రెండొందల పన్నెండు ఇంకోసారి చూడవే” అన్నాడు.

“చూశాను. బాగుంది.”

“ఇంకోసారి.”

“నీ జాయింట్లు నువ్వు చూసుకో, నా ఫిల్ములు నేను చూసుకుంటా. నా పని నాకు నేర్పకు” అన్నాను.

గుమ్మంలో ఒక్క క్షణం నిలబడ్డాడు. “సరేలే తల్లీ” అని వెళ్ళిపోయాడు. నాతో ఆయన మాట్లాడిన ఆఖరి మాట అది. ఆ రోజు నేను తిక్కగా ఉండకపోతే, పక్క ఫిల్ము తీసి పోల్చడానికి అరనిమిషం పట్టేది. ఆదివారం ఆయన ఒక్కడే వెళ్ళేవాడు కాదు. పదకొండు నెలలు రిపోర్టు రాసినవాళ్ళని తిట్టుకున్నాను. ఆ లైటు పెట్టె ముందు నన్ను నేను తిట్టుకోవడానికి మాటలు దొరకలేదు.

అక్కణ్ణుంచి నేరుగా కంట్రోల్ రూముకి పోవాలి. పోలేదు. ఇంజనీర్లు నా టార్చినీ నా బుడగలనీ నమ్మడానికి కమిటీ వేస్తారు. గంటలో పని ఆపించగల మాట మేస్త్రీది ఒక్కటే, అది పైకి చెప్పుకోవడానికి కారణం. అసలు కారణం ఆ మేస్త్రీ మా బాబాయి కావడం. ఆయన నోటితో వినాలనిపించింది.

నాన్న పోయాక మమ్మల్ని పెంచింది మా బాబాయే. అన్నయ్య చేతికి వెల్డింగ్ టార్చి ఇచ్చిందీ ఆయనే, నన్ను ఎక్స్‌రే చదువుకి పంపిందీ ఆయనే. నలభై ఏళ్ళు కరెంటు తయారుచేసే ప్లాంట్లలో ఆవిరి పైపులు వేశాడు. సైటులో అందరూ ‘ఆవిరి మేస్త్రీ’ అంటారు. ఆయన వేసిన జాయింటు కారిందని విన్నవాళ్ళు లేరు. అన్నయ్య పోయిన రోజు మా వాకిట్లో అందరికన్నా గట్టిగా ఏడ్చిందీ ఆయనే.

ఆయన గది రేకుల గది. గోడ పక్కన గ్లౌజుల అట్టపెట్టెలు, మేకులకి హెల్మెట్లు, ఒక గడియారం. గోడ ప్లగ్గు నుంచి సన్నటి వైరు ఒకటి టేబుల్ సొరుగులోకి దూరి ఉంది, సొరుగు మాత్రం మూసే ఉంది. టేబుల్ మీద, గేటు దగ్గర నేనిచ్చిన తనిఖీ కాగితం. రెండొందల పన్నెండు ఎదురుగా నేను ఖాళీగా వదిలిన గడిలో నీలం సిరాతో టిక్కు.

“ఈ టిక్కు ఎవరిది బాబాయ్?”

“నువ్వు మర్చిపోయావనుకున్నాలే తల్లీ. కూర్చో. టీ తాగుతావా?”

“నేను మర్చిపోలేదు.”

టార్చి తీసి ఆయన స్టీలు గ్లాసుకి ఆనించాను. జారి టేబుల్ మీద పడింది. “లోపల కూడా ఇలాగే పడింది” అన్నాను.

 బాబాయి కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడవడం మొదలుపెట్టాడు. తుడుస్తూనే ఉన్నాడు.

“ఎవరికి చెప్పావు?”

“వదినకి చెయ్యి సంగతి చెప్పాను. ముక్క సంగతి ఎవరికీ చెప్పలేదు.”

“చెయ్యేంటి?”

“రెండొందల పన్నెండు మీద అన్నయ్య చెయ్యి తేలింది. మొండిదాని మీద సగం. స్టీలు మీద ఏమీ లేదు.”

కళ్ళజోడు ఆయన చేతిలోంచి జారింది. నేను అప్పటిదాకా బాబాయి భయపడగా చూడలేదు.  “తుడిచానే” అన్నాడు, నాతో కాదు. “గుడ్డ పెట్టి తుడిచాను. ఏమీ కనబడలేదే.”

గడియారంలో మూడు కావడానికి ఐదు నిమిషాలుంది.  ఆయనే మొదలుపెట్టాడు.

“రెండు ఒడ్ల నుంచీ వేసుకొచ్చిన పైపు అక్కడ కలవాలి. ఆఖరి ముక్క. దాన్ని కొలిచి కోసింది నేనే, ఇంకెవర్నీ ముట్టుకోనివ్వలేదు. ఆవిరి పైపుకైతే ఆఖరి ముక్కని కావాలనే మూడు వేళ్ళు పొట్టిగా కొయ్యాలి. వేడెక్కాక అదే సాగి సరిపోతుంది. నలభై ఏళ్ళు అలాగే కోశాను. ఇది సాగదని నాకు తెలీదా? వీళ్ళందరికీ పాఠం చెప్పింది నేనే కదా. టేపు పట్టుకున్నాక చెయ్యి దాని పని అది చేసుకుపోయింది. మూడు వేళ్ళు తగ్గించి గీత గీశాను, కోశాను. తీసుకెళ్ళి పెడితే సందు మిగిలింది.”

“అప్పుడే చెప్పాల్సింది.”

“ఏమని? ఆవిరి మేస్త్రీకి కొలవడం రాదనా? కొత్త ముక్క ఓడలో రావాలంటే ఐదు నెలలు. అంతమంది నా మూడు వేళ్ళ కోసం ఖాళీగా కూర్చోవాలి. యార్డులో కొత్తవాళ్ళు చెయ్యి తిరగడానికి వాడే స్టీలు ముక్క ఉంది. అదే సైజు. ముందు అది పెట్టేద్దాం, తర్వాత ఏదో వంకన మార్చేద్దాం అనుకున్నా. శుక్రవారం అందరూ వెళ్ళాక ఈ చివర వెల్డింగ్ చేశాను. ఆదివారం ఆ చివర చేస్తుంటే వాడొచ్చాడు.”

“అన్నయ్యకి ఎలా తెలిసింది?”

“జాయింటు చూసి. అది నా చేతి పనని వాడికి ఎవరైనా చెప్పాలా? వాడికి నేర్పిన చెయ్యి అది. మేస్త్రీ దొంగచాటుగా ఎందుకు వెల్డింగ్ చేశాడా అని పక్క ముక్క చూసుంటాడు.” బాబాయి టేబుల్ మీద తన ఎడమచెయ్యి పరిచి దాని వంకే చూస్తూ చెప్పాడు. “నన్నెప్పుడూ ఒక మాట అనని వాడు. ఆ రోజు తిట్టాడు. సోమవారం నువ్వే చెప్పు, లేదంటే నేను చెప్తానన్నాడు. చెప్పనన్నాను. నా పరువు తియ్యొద్దన్నాను. అప్పుడు గ్లౌజు తీశాడు. తీసి, ఇదిగో ఇలా, గీత మీద ఆనించి ఒత్తి పట్టుకున్నాడు. చాలాసేపు. ‘సుద్దతో రాస్తే తుడిచేస్తావు బాబాయ్, ఇది తుడవలేవు’ అన్నాడు.”

నేను ఏడవకూడదనుకున్నాను. కళ్ళు నా మాట వినలేదు. రిపోర్టులోని నిర్లక్ష్యపు మనిషి, పదకొండు నెలలు నేను లోలోపల విసుక్కున్న మనిషి, తన గొంతు వినని చెల్లెలికి అర్థమయ్యేలా ఒక గుర్తు పెట్టి వెళ్ళాడు. అది నేను చూసేసరికి ఇంతకాలం పట్టింది.

“మరి మీటరు?” అన్నాను. “కోపంలో మీటరు లేకుండా వచ్చేశాడా?”

 బాబాయి కుర్చీ జరిపి సొరుగు లాగాడు. గోడ నుంచి వచ్చిన వైరు చివర పసుపుపచ్చ మీటరు. ఆకుపచ్చ లైటు వెలిగి ఆరుతోంది. వెనకాల మేకుతో గీకిన అంకె నలభై ఏడు.

“తెచ్చుకున్నాడు” అన్నాడు బాబాయి. “నా మీటరే చార్జింగ్ లేక ఆరిపోయింది. తిడుతూ తిడుతూ అది చూశాడు. వాడిది పీకి నా కాలరుకి తగిలించాడు. ‘ముసలాడివి, పడిపోతే నిన్ను మొయ్యలేను’ అన్నాడు. అది కూడా కోపంగానే. అని వెళ్ళిపోయాడు.”

నేను సొరుగులోకి వంగి ఆ అంకెని మళ్ళీ చదివాను.

“గంట తర్వాత నేను బయల్దేరాను. నూట నలభై దగ్గర ఇది కూసింది. ఆగాను. ఇరవై అడుగుల అవతల బోర్లా పడున్నాడు. ఆదివారం ఫ్యాన్లు సగమే తిరుగుతాయి. నేను వదిలిన గ్యాసే పల్లంలోకి దిగి కూర్చుంది. ఇది కూయకపోతే నేనూ వెళ్ళి వాడి పక్కన పడేవాణ్ణి. వెనక్కి పరిగెత్తి గోడ ఫోనులో ఫ్యాన్లు వెయ్యమన్నాను. అప్పటికే అయిపోయింది.”

“రిపోర్టులో ఇది లేదు.”

“లేదు.”

“సొంత నిర్లక్ష్యం అని రాశారు.”

“రాసింది వాళ్ళు. అడిగితే నోరు మూసుకున్నది నేను.”

“దీనికి చార్జింగ్ ఎందుకు పెడుతున్నావు?”

“ఆదివారం ఆదివారం పెడతాను. మొదట్లో ఒకసారి ఆరిపోయింది. ఆ రాత్రంతా...” ఆగిపోయాడు. “ఆరనివ్వలేకపోతున్నాను తల్లీ.”

ఆయన్ని కొట్టాలనిపించింది. నా మొదటి స్కూలు చెప్పులు కొనిచ్చిన మనిషిని, మా అమ్మ మంచాన పడితే మాకు అన్నం కలిపిపెట్టిన మనిషిని, చెంప మీద కొట్టాలనిపించింది. అంతలోనే ఆ తల మీద చెయ్యి వెయ్యాలనీ అనిపించింది. రెండూ చెయ్యలేదు. ఫోన్ ఆయన ముందుకి జరిపాను. మూడూ ఇరవై అయింది.

“చెప్పు.”

“చెప్తే నా నలభై ఏళ్ళూ బూడిదలో కలుస్తాయి.”

“చెప్పకపోబట్టి మా అన్నయ్య ముప్పై నాలుగేళ్ళు కలిశాయి. పదకొండు నెలలుగా. వదిన వీధిలోకి వెళ్తే వెనక ఏమనుకుంటారో నీకు తెలుసు. ‘మీటరు పెట్టుకునే తెలివి లేనోడి పెళ్ళాం.’ నువ్వూ విన్నావు. వింటూ మా ఇంట్లో టీ తాగావు.”

ఆ దెబ్బ తగలాల్సిన చోటే తగిలింది. బాబాయి ఫోనెత్తాడు. నంబరు నొక్కడంలో రెండుసార్లు తప్పాడు. స్పీకరు వేశాడు, నేను వినాలనే కాబోలు.

“నేను ఆవిరి మేస్త్రీని. రెండొందల పన్నెండుకీ పదమూడుకీ మధ్య ముక్క మొండిది కాదు, స్టీలు. పెట్టింది నేను. ఫిల్ములు మార్చిందీ నేనే. చలి వదలకండి, జాయింటు చిరుగుతుంది.” అవతలి ఇంజనీరు ఏదో అనబోతే ఆపాడు. “ఇంకోటి రాసుకోండి. నలభై ఏడో నంబరు వెల్డరు మీటరు లేకుండా లోపలికి రాలేదు. తెచ్చుకున్నాడు. నాకిచ్చి పోయాడు. అందుకే పోయాడు. నేను చెప్పినట్టే రాయండి, ఒక్క మాట తగ్గించొద్దు.”

 ఇంజనీరు గొంతు వినిపించింది, బాగా తగ్గి. “సరే మేస్త్రీగారూ. చలి ఆపేస్తాను. నైట్రోజన్ అయితే పావుగంటైంది వదిలి. తలుపులు మూసేశారు. లోపల ఎవరూ లేరు కదా, అది నిండితే నిండనీయండి. రేపు గాలి పట్టించి తెరిచి చూద్దాం. మీరు... మీరు అక్కడే ఉండండి.”

బాబాయి ఫోన్ పెట్టి, మీటరుకి వైరు ఊడదీసి నా చేతిలో పెట్టాడు. “వదినకి ఇవ్వు” అన్నాడు. ఆయన చెయ్యి తడిగా ఉంది.

బయట ఎండ కళ్ళలో పడింది. పదకొండు నెలల తర్వాత ఊపిరి పూర్తిగా పీల్చుకున్నాననిపించింది. వదినకి ఎలా చెప్పాలో నడుస్తూనే అనుకున్నాను. ముందు మీటరు చేతిలో పెట్టాలి, తర్వాత నోరు విప్పాలి. ‘నీ మొగుడు తెలివితక్కువవాడు కాదు వదినా’ అనాలి. తను ఎలాగూ ‘నాకు తెలీదా’ అంటుంది.

షెడ్డులో ఎవరూ లేరు. ఫోన్ చేశాను. వదిన ఫోన్ బెంచీ మీదే మోగింది. దాని పక్కన టిఫిను డబ్బా, తాళాలగుత్తి. గుత్తి రింగు విప్పి ఉంది. తాళాలు అన్నీ ఉన్నాయి. బిళ్ళ లేదు.

గేటుకి ఎలా పరిగెత్తానో గుర్తులేదు. గేటాయన మూసిన పెద్ద ఇనప తలుపు ముందు స్టూలు మీద జాబితా ఒళ్ళో పెట్టుకుని తీరిగ్గా కూర్చున్నాడు.

“లోపల ఎవరైనా ఉన్నారా?” అన్నాను.

“ఎవరూ లేరమ్మా. అన్ని నంబర్లకీ టిక్కు పడింది. రెండింటికి జాబితా తీసుకెళ్ళి కంట్రోల్ రూములో చూపించి వచ్చాను కూడా.”

“నువ్వు వెళ్ళినప్పుడు ఇక్కడ ఎవరున్నారు?”

“ఎవరూ లేరు. ఎంతసేపని, పది నిమిషాలు. రాగానే తలుపు మూయించాను.”

“నలభై ఏడు?”

వేలు జాబితా మీద కిందికి జరిగింది. నలభై అయిదు, నలభై ఆరు, నలభై ఎనిమిది. “నలభై ఏడు లేదమ్మా. పాపం, అప్పుడే కొట్టేశాం కదా. ఆ నంబరుకి ఇప్పుడు గడే లేదు” అన్నాడు. అని, నేను చూస్తున్న వైపు తలెత్తి చూశాడు.

బోర్డు మీద మేకులన్నీ ఖాళీగా ఉన్నాయి. ఒక్కటి తప్ప.

వదిన బిళ్ళా, వదిన మీటరూ పెట్టెలో తాళం కింద ఉన్నాయి. బిళ్ళ తగిలించకుండా లోపల అడుగుపెట్టే మనిషి కాదు మా వదిన. తన దగ్గరున్నది అదొక్కటే. అది తగిలించి, ఆ చెయ్యి మీద తన చెయ్యి పెట్టి చూడ్డానికి రెండున్నర కిలోమీటర్లు నడుచుకుంటూ వెళ్ళింది.

తలుపు మీద పడి రెండు చేతులతో బాదాను. గేటాయన ఫోను కోసం తడుముకుంటున్నాడు. తలుపు కింది సందులోంచి చల్లటి గాలి కాళ్ళకి తగులుతోంది. గుప్పిట్లో అన్నయ్య మీటరు కూయడం మొదలుపెట్టింది.